వేసవి శిబిరానికి మ్యాజిక్ సామాను: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మే, మొదటి ఆదివారం

మా శాఖా గ్రంథాలయంలో వేసవి శిబిరం మొదలవబోతోంది. పొద్దున్న కథలు, తర్వాత బొమ్మలు గీయడం, ఆఖర్న అరగంట మ్యాజిక్. ఆ అరగంట నాకు అప్పజెప్పారు. సామాను కోసం ఊళ్ళో ఇద్దరు దాతలు కలిసి 3,000 రూపాయలు ఇచ్చారు. వేరేవాళ్ళ డబ్బు కాబట్టి ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి. ఏం కొన్నాను, ఏం వదిలేశాను, ఎందుకు వదిలేశాను అనేవి ఎప్పటికప్పుడు ఇందులో రాసిపెడతాను.

చీర కొనేటప్పుడు మడత విప్పి, వెలుగులో పట్టి చూసి కొంటాం. మ్యాజిక్ షాపులో డబ్బు కట్టాకే మడత విప్పుతారు. అందులో షాపువాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు అమ్మేదే రహస్యం, అది ముందే చూపించేస్తే ఇక అమ్మడానికి ఏం మిగులుతుంది? అందుకని వస్తువు చేతికి రాకముందే దాని ప్రకటన చూసి, మనం చేసే గది చూసి, మన ముందు కూర్చునే జనాన్ని చూసి అంచనా కట్టాలి. ఆ అంచనా ఎలా కట్టాలో నేర్చుకోవడమే నాకు ఈ వేసవి పని.

గుట్టుమట్టుల విషయంలో ఒక గీత గీసుకున్నాను. వందల ఏళ్ళుగా అచ్చులో ఉన్న సూత్రాలూ, తెలియకపోతే కొనేవాడు నష్టపోయే సంగతులూ రాస్తాను. ఈ కాలంలో ఎవరో ఏళ్ళ తరబడి కష్టపడి కనిపెట్టి అమ్ముకుంటున్నవాటి జోలికి పోను. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి బాబాల మహిమల గుట్టు విప్పుతారు, ఆ పని మీద నాకు చాలా గౌరవం. అక్కడ మహిమ పేరు చెప్పి జనాన్ని దోచుకుంటున్నారు కాబట్టి విప్పి చూపించాల్సిందే. మ్యాజిక్ చేసేవాడు ఇది కనికట్టేనని ముందే ఒప్పుకుని చేస్తాడు. చూసేవాళ్ళు కూడా ఒప్పుకునే కూర్చుంటారు.

అదే వారం, వీడియోల ముందు

సాయంత్రాలు కూర్చుని అమ్మకానికి ఉన్న ఐటమ్‌ల ప్రకటనలు చూస్తున్నాను. మొదటిసారి మామూలు ప్రేక్షకుడిలా చూసి, రెండోసారి కాగితం, పెన్నూ పట్టుకుని చూస్తున్నాను. అసలు సంగతులు రెండోసారే బయటపడతాయి.

మాయ జరిగే క్షణంలో కెమెరా ఎక్కడుందన్నది మొదట చూస్తాను. వస్తువు మీద ఉంటే నమ్మొచ్చు. సరిగ్గా ఆ క్షణానికే ఎవరో అమ్మాయి నోరు తెరిచి ఆశ్చర్యపోతున్న ముఖం మీదికి వెళ్ళిందంటే, ఆ క్షణంలో చేతులు చూపించలేని పనేదో చేస్తున్నాయని అర్థం. చేతులు కనబడకపోవడం తప్పేం కాదు. కానీ నా ముందు కూర్చునే పిల్లలు కెమెరాలు కారు, చూపు పక్కకి తిప్పరు. ఆ క్షణాన్ని నా మాటలతో దాటించగలనా అని అప్పుడే ఆలోచించుకోవాలి.

రెండోది కోటు. ప్రకటనల్లో చేసేవాళ్ళు సగానికి పైగా కోటో, జాకెట్టో వేసుకుని ఉంటారు. కోటులో లోపలి జేబులుంటాయి, పొడుగు చేతులుంటాయి. మా గోదావరి జిల్లాల్లో మే నెలలో కోటు వేసుకుని నిలబడితే పిల్లలకి మొట్టమొదటి అనుమానం దానిమీదే. పొట్టిచేతుల చొక్కాతో కుదరని ఐటమ్ ఎంత గొప్పదైనా కొట్టేశాను. బల్ల వెనక కూర్చుని ఒళ్ళో పడేసుకునే పద్ధతులన్నీ అలాగే పోయాయి, మా గదిలో పిల్లలు చాపల మీదా నేను నిలబడీ ఉంటాం. తల మీద సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటుంది కాబట్టి కంటికి కనబడని సన్నటి దారంతో వస్తువుల్ని గాల్లో తేల్చేవి కూడా వద్దు. ఫ్యాను ఆపితే ఆ ఎండలో నలభైమంది పిల్లలు ఊపిరాడక లేచిపోతారు. భగ్గున మండి బూడిద కూడా మిగలకుండా మాయమయ్యే కాగితం నైట్రోసెల్యులోజు. చిన్నపిల్లలు మోకాలికి తగిలేంత దగ్గర్లో కూర్చునే చోట దాని ఊసే అక్కర్లేదు.

ఇన్ని కొట్టివేతలయ్యాక మిగిలిన జాబితా చిన్నది. అలా మిగలడం నాకు హాయిగా ఉంది.

ఎగ్జిబిషన్ నుంచి వచ్చాక

రాజమండ్రి ఎగ్జిబిషన్లో మ్యాజిక్ సామాను అమ్మే స్టాలు ముందు చాలాసేపు నిలబడ్డాను. అతను పేక కట్టని ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో చివర్లని జరజరా వదులుతుంటే అన్నీ వేరువేరు ముక్కలు. ఒక్కసారి ఊది మళ్ళీ వదిలితే అన్నీ ఇస్పేటు రాణులే. మళ్ళీ ఊదితే మామూలు పేక. చుట్టూ మూగినవాళ్ళతో "ప్రాక్టీసు అక్కర్లేదు సార్, ఇంటికెళ్ళేసరికి మీరే మెజీషియన్" అంటున్నాడు. చేతులు ఎంత మెత్తగా తిరుగుతున్నాయో చూస్తే అతనికి కొన్ని ఏళ్ళ ప్రాక్టీసు ఉందని తెలిసిపోతోంది. జనం కొనేది ఆ చేతుల్ని చూసి, ఇంటికొచ్చేది మాత్రం పేక ఒక్కటే.

దాన్నే స్వెంగాలి డెక్ అంటారు. 1909లో బర్లింగ్ హల్ అనే అమెరికన్ మెజీషియన్ దాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. నూరేళ్ళు దాటినా తిరునాళ్ళలో అమ్ముడుపోతూనే ఉంది, ఇన్నేళ్ళు బతికిన ఐటమ్‌లో సూత్రం గట్టిదన్న మాటే. సూత్రం ఇప్పటికి చాలామందికి తెలిసిందే: 52 ముక్కల్లో 26 ఒకేలాంటివి, అవి మిగతావాటికంటే పొడవులో వెంట్రుకవాసి పొట్టి. ఒక పొట్టి, ఒక మామూలు వంతున పేర్చి ఉంటాయి.

పరీక్ష కోసమే నా జేబు డబ్బుతో 150 రూపాయలు పెట్టి ఒకటి తీసుకున్నాను. ఇంటికొచ్చి పొట్టి ముక్కలన్నీ విడదీసి బల్ల మీద నిలువుగా తట్టి సర్దితే, అన్నీ ఒక మట్టానికి రాలేదు. కొన్ని ఇంకా పొట్టి, కొన్ని ఓరగా తెగి ఉన్నాయి. ఈ పేకకి ప్రాణం ఆ కోతే. కోత మట్టంగా లేకపోతే ముక్కలు వదిలేటప్పుడు ఒక మామూలు ముక్క మధ్యలో తల దూరుస్తుంది, రాణుల వరసలో కళావరు ఆరు ప్రత్యక్షమవుతుంది. రెండో లోపం కాగితం. పైన మెరిసే ప్లాస్టిక్ పూతతో దళసరిగా ఉన్న అట్ట, మా డెల్టా ఉక్కకి ఒకదానికొకటి అతుక్కుంటోంది. ఇదే డెక్ బైసికిల్ అనే అమెరికన్ బ్రాండు పేక కాగితం మీద దొరుకుతుంది, ఖరీదు ఎక్కువే గాని ముక్కలు గాలి మీద జారినట్టు జారతాయి. స్వెంగాలి కొనదలచుకున్నవాళ్ళకి నేను చెప్పేదొకటే: సూత్రం ఎక్కడ కొన్నా ఒకటే కాబట్టి డబ్బంతా కాగితానికీ, కోతకీ పెట్టండి.

ఆ రాత్రి మేనల్లుడితో

మా అక్క కొడుకు ఈ సెలవుల్లో నా దగ్గరే ఉన్నాడు. తొమ్మిదో తరగతికి వచ్చాడు. ఏ ఐటమ్ అయినా ముందు వాడి ముందు చేస్తాను, ఎందుకంటే వాడు చప్పట్లు కొట్టడు, చెయ్యి చాపుతాడు.

"మావయ్యా, ఓసారి ఆ పేక ఇటియ్యి."

ఈ ఒక్క మాట ముందు చాలా ఐటమ్‌లు నిలబడలేవు. పెద్దవాళ్ళు మొహమాటపడి అడగరు, పిల్లలు అడక్కుండా ఉండరు. కాబట్టి కొనేముందు వేసుకునే ప్రశ్నల్లో దీన్ని అన్నిటికంటే పైన రాసుకున్నాను: మాయ అయిపోయాక నా చేతిలో ఏం మిగులుతుంది? అది వాళ్ళ చేతిలో పెట్టగలనా? మూడు రకాల జవాబులుంటాయి. కొన్ని ఐటమ్‌లలో మిగిలేది మామూలు వస్తువే, నిశ్చింతగా ఇచ్చేయొచ్చు. కొన్నిటిలో ఇవ్వకూడని వస్తువు మిగులుతుంది గాని, ఎవరికీ అది అడగాలని తోచదు. మూడోరకం, చూడగానే దీంట్లోనే ఏదో ఉందని తెలిసిపోయే రంగురంగుల ప్లాస్టిక్ పెట్టెలు. షాపుల్లో చవగ్గా దొరికేవి ఎక్కువగా ఈ మూడోరకమే. ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని గొట్టం తీసి "ఇది మామూలు గొట్టం" అంటే ఎవరు నమ్ముతారు?

వాడు ఇంకో సంగతి కూడా కదిపాడు. "మావయ్యా, చిన్న పిల్లలకి ఆఠీను, కళావరు తెలీదుగా?" నిజమే. రెండో క్లాసు పిల్లకి ఇస్పేటు రాణి అంటే ఏమీ కాదు, అది మారిపోయినా మారకపోయినా ఒకటే. తెలిసిన పిల్లలకేమో ఇంట్లో పేకాట కారణంగా జరిగిన గొడవలతో కలిపి తెలిసి ఉంటుంది. మా ఊళ్ళో పేక అనగానే చీట్ల పేక, పోలీసు దాడి గుర్తొస్తాయి. గ్రంథాలయంలో పిల్లల ముందు పేక తీస్తే తల్లులకి నచ్చదు, లైబ్రేరియన్ గారికి మాట వస్తుంది. శిబిరానికి పేక ఐటమ్‌లు ఏవీ వద్దని తేల్చేశాను.

పెద్దవాళ్ళ కూటాలకైతే లెక్క వేరు. పెళ్ళిలో అల్లుళ్ళూ బావమరుదులూ చేరిన చోట చెయ్యాలంటే ఒక్క పేక ఐటమ్ చాలంటాను, అది ఇన్విజిబుల్ డెక్. జో బెర్గ్ 1936లో అల్ట్రా మెంటల్ డెక్ పేరుతో అమ్మినదే తర్వాత ఈ పేరుతో స్థిరపడింది. మనసులో ఏదైనా ముక్క తలుచుకోమంటాం, తలుచుకున్నది పైకి చెప్తారు, పెట్టెలోంచి పేక తీసి పరిస్తే అదొక్కటే తిరగబడి ఉంటుంది. మా మ్యాజిక్ మాస్టారి దగ్గర అరువు తెచ్చుకుని చూశాను. చిన్న కూడికలాంటి లెక్క నోటికి రావాలి, ఇంకేం కష్టం లేదు. చూసినవాళ్ళు ఈ ఐటమ్‌ని ఒక్క వాక్యంలో ఇంకొకరికి చెప్పుకోగలరు: "నేను ఏదనుకున్నానో అదే తిరగబడి ఉంది." ఒక్క వాక్యంలో చెప్పుకోగలిగింది జనం మోసుకెళ్తారు. ముక్క ఎంచుకుని, సంతకం పెట్టి, చింపి, కవరులో పెట్టి, ఆ కవరు ఇంకోదాంట్లో పెట్టి, ఇలా సాగేది ఇంటి గుమ్మం దాటేలోపే మరిచిపోతారు.

కలరింగ్ బుక్

ఇది చిన్నపిల్లల షోలన్నిటిలోనూ ఉంటుంది. పుస్తకం తిప్పితే తెల్ల కాగితాలు, మళ్ళీ తిప్పితే గీసిన బొమ్మలు, పిల్లలు తమ చొక్కాల మీది రంగులు తీసి పుస్తకం మీద విసిరినట్టు నటించాక తిప్పితే అన్నీ రంగుల బొమ్మలు. రెజినాల్డ్ స్కాట్ అనే ఆయన 1584లో ఇంగ్లండులో అచ్చువేసిన పుస్తకంలోనే ఈ సూత్రం ఉంది. మంత్రగత్తెలన్న పేరుతో ముసలివాళ్ళని హింసిస్తున్న రోజుల్లో, మంత్రాలు అనుకునేవి చాలావరకు హస్తలాఘవమేనని చూపించడానికి ఆయన రాశాడు. పేజీల అంచుల్లో వేరువేరు చోట్ల సన్నటి కోతలుంటాయి, బొటనవేలు ఎక్కడ ఆనించి తిప్పితే ఆ జాతి పేజీలే తెరుచుకుంటాయి. నాలుగు వందల ఏళ్ళు దాటినా పిల్లలు ఇప్పటికీ కేకలు పెడుతున్నారు.

షాపులో దొరికేది అరచేతికి కాస్త పెద్దది. మూడో వరుసలో కూర్చున్నవాడికి అందులో బొమ్మలున్నాయో లేదో కూడా కనబడదు. లోపలి బొమ్మలేమో ముక్కుకి ఎర్రబంతి పెట్టుకున్న జోకర్లు, మంచుమనుషులు. సూత్రం పాతది, అందరిదీ, సామాను కాగితం. ఇలాంటప్పుడు కొనడం దండగ.

మేనల్లుడూ నేనూ కలిసి దళసరి డ్రాయింగ్ కాగితాలతో ఏ4 సైజులో ఒకటి కుట్టాం. ఏనుగు, తాటిచెట్టు, పడవ, గంగిరెద్దు, గాలిపటం అందులో బొమ్మలు. కోతల దగ్గరే ఎక్కువ సమయం పట్టింది. లోతు ఎక్కువైతే దూరానికే కనబడుతుంది, తక్కువైతే వేలికి అందదు. గోరు అంచుకి తగిలీ తగలనంత లోతు సరిపోయింది. పేజీలన్నీ ఒకే కట్ట కాగితంలోంచి తీసుకోవాలి, మందం మారితే తిప్పేటప్పుడు కాగితాలు ఆగి ఆగి వస్తాయి. ఖర్చు 90 రూపాయలు.

థంబ్ టిప్: ఇది కొనాల్సిందే

చేసుకోవడం కుదరని సామానూ ఉంటుంది, అందులో బొటనవేలికి తొడుక్కునే ఈ ప్లాస్టిక్ తొడుగు మొదటిది. దేనికి, ఎలా అన్నది రాయను. ఇది ఎన్నో ఐటమ్‌లకి ఆధారం, చాలామందికి జీవనం. కొనేవాళ్ళకి పనికొచ్చేది మాత్రం రాస్తాను.

"రంగు కలవదు కదా" అని అందరూ వెనక్కి తగ్గుతారు. దొరికేవి చాలావరకు లేత గులాబి రంగులో, మన చేతులకి ఏమాత్రం పోలిక లేకుండా ఉంటాయి. నిజానికి పట్టించేది రంగు కాదు, మెరుపు. ట్యూబులైటు వెలుతురులో ప్లాస్టిక్ తళుక్కుమంటే చూపు అక్కడికి పోతుంది. సన్నటి గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్ది, పైన కాస్త ముఖానికి రాసుకునే పౌడరు అద్దితే ఆ మెరుపు పోతుంది. సైజు మీద మాత్రం రాజీ పడకూడదు. గట్టి ప్లాస్టిక్‌వి ఒకే సైజులో వస్తాయి, వేలు కదిపితే టకటకమంటాయి. మెత్తటి వినైల్‌వి వేలిని పట్టుకుంటాయి, లోపల చోటూ ఉంటుంది. 120 రూపాయలకి రెండు తీసుకున్నాను, ఒకటి చిరిగినా షో ఆగకుండా.

ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి పదిరకాలుగా పనికొచ్చేదాన్నీ, ఒకే పనికి తప్ప పనికిరాని దాన్నీ ఒకే ధరతో పోల్చకూడదు. వెయ్యి రూపాయల పెట్టె ఒకటే ఐటమ్. ఈ చిన్న ముక్కతో ఉప్పు, రుమాలు, రిబ్బను ఏవైనా మాయమవుతాయి, మళ్ళీ వస్తాయి.

తాడు

మూడు తాళ్ళు, ఒకటి పొట్టి, ఒకటి మధ్యస్తం, ఒకటి పొడుగు. చూస్తుండగానే మూడూ ఒకే పొడవుకి వస్తాయి, మళ్ళీ వేరవుతాయి. ప్రొఫెసర్స్ నైట్‌మేర్ అంటారు. ప్యాకెట్లో పెట్టి అమ్మేది మూడు తాడు ముక్కలూ, ఒక కాగితమూను. నేర్చుకోవాల్సింది చేతిపనే, దాన్ని ప్యాకెట్లో పెట్టి ఎవరూ ఇవ్వలేరు.

కొలత ఒకటి తెలిస్తే చాలు: పొడుగుదీ పొట్టిదీ కలిపి అందులో సగం ఎంతో మధ్యదాని పొడవు అంత. నేను 30, 75, 120 సెంటీమీటర్లు తీసుకున్నాను. కిరాణా కొట్టులో బట్టలారేసుకునే తెల్ల నూలు తాడు తెచ్చి, లోపలి పోగులు లాగేస్తే బొండుమల్లె దండలా మెత్తబడింది. చివర్లు విడిపోకుండా ఫెవికాల్‌లో ముంచి ఆరబెట్టాను. ముదురు రంగు చొక్కా మీద తెల్లతాడు ఆఖరి వరుసకి కూడా కనబడుతుంది. ఖర్చు 60 రూపాయలు. అయిపోయాక మూడు తాళ్ళూ పిల్లల మీదికి విసిరేయొచ్చు, లాగి చూసుకోవచ్చు, ఏమీ దొరకదు. మేనల్లుడు కొలిచి మరీ చూశాడు.

నాణేలు

విదేశీ నాణేలతో వచ్చే సెట్లన్నీ పక్కన పెట్టాను. వాటిలో ఎక్కువ భాగం అమెరికా అర డాలరు చుట్టూ కట్టినవి, దాని వ్యాసం 30.6 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం 27, అయిదు రూపాయలది ఇంకా చిన్నది. ఆ పెద్ద నాణెం తీయగానే, మాయ మొదలవకముందే, ఇది ఏ దేశానిదంటూ చేతులు చాపుతారు. మామూలుగా జేబులో ఉండే వస్తువుతో జరిగితేనే అది వింత. మన నాణేల్ని కోసి, తొలిచి చేయించుకుందామా అంటే, నాణేల్ని ధ్వంసం చేయడాన్ని 2011 నాటి నాణేల చట్టం నిషేధించింది. ఉత్తచేతులతో నాణెం మాయం చేయడం నేర్చుకుంటే ఇవేవీ అక్కర్లేదు, దానికి కొనేది ఏమీ లేదు.

లోటా

ఈ వారమంతా దీంతోనే గడిచింది, రాయాల్సిందీ దీని గురించే ఎక్కువ.

లోటాలో నీళ్ళన్నీ బకెట్లో పోసేస్తాం, బోర్లించి చూపిస్తాం. ఇంకో ఐటమ్ చేసి మళ్ళీ లోటా ఎత్తితే మళ్ళీ నీళ్ళు. షో అయ్యేదాకా అలా వస్తూనే ఉంటాయి. పి.సి. సర్కార్ తన ఇంద్రజాల ప్రదర్శనలో దీన్ని వాటర్ ఆఫ్ ఇండియా అని ప్రపంచమంతా తిప్పాడు, ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య వచ్చి లోటా వంపి వెళ్ళేవాడు. సూత్రం పిల్లలు కూల్‌డ్రింకు స్ట్రాతో చేసే ఆటే: పైచివర వేలితో మూస్తే లోపలి ద్రవం కిందికి రాదు, వేలు తీస్తే వస్తుంది. లోటా గోడల మధ్య ఇంకో అర ఉంటుంది, అడుగున చిన్న కంత దాన్నీ లోపలి పాత్రనీ కలుపుతుంది, మెడ దగ్గర గాలి కంత ఉంటుంది.

ప్రకటనలో చెప్పనిది, కొనేవాడు తప్పక చూసుకోవాల్సింది లోపలి పాత్రకీ రహస్యపు అరకీ ఉన్న నిష్పత్తి. రెండూ సమానంగా ఉన్న లోటాలో 900 మిల్లీలీటర్లు పడితే మొదటిసారి 450 వస్తాయి. మిగిలినవి రెండు అరల్లోనూ సర్దుకుని సమమట్టానికి వస్తాయి కాబట్టి రెండోసారి 225, మూడోసారి 112, నాలుగోసారి 56. మొదటిసారి ధార, నాలుగోసారి చుక్కలు. లోపలి పాత్ర మొత్తంలో మూడోవంతే ఉన్నదైతే మొదటిసారి 300, తర్వాత 200, ఆపైన 133, నాలుగోసారి 89. మొదట తక్కువ వచ్చినా చివరిదాకా పోసినట్టు కనబడుతుంది. పిల్లలకి గుర్తుండేది నాలుగోసారీ, అయిదోసారీ వచ్చిన నీళ్ళే, "ఇంకా వస్తున్నాయే!" అని. అందుకని లోపల ఇరుగ్గా, బయటికి బొద్దుగా ఉన్నదే మంచిది.

షాపతను మంచివాడు, కొలిచి చూస్తానంటే ఒప్పుకున్నాడు. అక్కడే ఒక నీళ్ళ సీసా, గీతలున్న గ్లాసు పెట్టుకుని మూడు లోటాలు పోసి చూశాను. మొదటిదానికి అడుగు కంత మరీ సన్నం, మళ్ళీ నిండడానికి చాలాసేపు పడుతోంది, నా తర్వాతి ఐటమ్ దానికంటే ముందే అయిపోతుంది. రెండోదాని అతుకు దగ్గర తడి ఊరుతోంది. మూడోది బాగుంది. దాని గాలి కంత, మెడ పట్టుకుంటే బొటనవేలు తనంతట తాను వచ్చి ఆనేచోటే ఉంది. కంత కోసం వేలు వెతుక్కోవాల్సి వస్తే పిల్లలు ఆ వెతుకులాటే చూస్తారు. అల్యూమినియందే, పైన ఇత్తడి రంగు వేశారు. ఆ రంగు మరీ తళతళలాడుతుంటే ఇంటికొచ్చి చింతపండు, ముగ్గుపిండితో తోమాను. ఇప్పుడు మా అమ్మమ్మ పూజ గదిలోది అన్నా నమ్మేలా ఉంది. 650 రూపాయలు. మొత్తం జాబితాలో ఖరీదైనది ఇదే, దీని మీద పెట్టిన డబ్బుకి నాకు ఏ సందేహమూ లేదు. అరగంటలో ఎన్నిసార్లయినా వస్తుంది, షో మధ్యలో సర్దుకునే పని లేదు, నీళ్ళు తప్ప తరుగు లేదు.

నకళ్ళ గురించి

ఆన్‌లైన్‌లో ఒకే ఐటమ్ ఒకచోట 2,500, ఇంకోచోట 300 కనబడితే ఏం చేయాలని శిబిరంలో సాయం చేసే డిగ్రీ కుర్రాడు అడిగాడు. 300 ది నకలు. చట్టం ఈ విషయంలో మెజీషియన్లకి పెద్దగా అండగా లేదు. మనిషిని రంపంతో కోసే ఐటమ్‌కి హొరేస్ గోల్డిన్ 1923లో పేటెంటు తీసుకున్నాడు, పేటెంటు అంటేనే గుట్టు ప్రభుత్వ కాగితాల్లో బహిరంగం కావడం. ఒక సిగరెట్ కంపెనీ తన ప్రకటనలో ఆ రహస్యం వేసేస్తే కేసు పెట్టి 1938లో ఓడిపోయాడు. అమెరికన్ మెజీషియన్ టెల్లర్, పూల నీడని కోస్తే అసలు పూలు రాలే తన ఐటమ్‌ని నకలు చేసినవాడి మీద 2014లో గెలిచాడు గాని, అక్కడ కోర్టు కాపాడింది ఆ మూకాభినయ నాటకాన్ని. ఒట్టి ట్రిక్కుకి కాపీరైటు లేదని అదే తీర్పు చెప్పింది.

చట్టం లేనిచోట మన పద్ధతే మిగిలేది. బతికున్నవాడు కనిపెట్టినదాన్ని కొంటే అతని దగ్గరే కొంటాను, లేకపోతే చేయను. పాతకాలం ఐటమ్‌లలో ఎవరికీ బాకీ లేని మంచివి ఎన్నో ఉన్నాయి, పిల్లల శిబిరానికి అవి ధారాళంగా సరిపోతాయి. నకలు కొన్నవాడికి ఇంకో నష్టమూ ఉంది. అసలుదానితో చేసినాయన నేర్పే పాఠం వస్తుంది, నకలుతో నాలుగు లైన్ల చీటీ వస్తుంది.

నెలాఖరు, మాస్టారింట్లో

ఇప్పటిదాకా ఖర్చు 920 రూపాయలు: థంబ్ టిప్‌లు, లోటా, కలరింగ్ బుక్ కాగితాలు, తాడు. లైబ్రేరియన్ గారికి చీటీలిచ్చాను. "ఇంకా రెండు వేలుంది సార్, ఏదైనా పెద్ద పెట్టె కొనకూడదా?" అన్నారావిడ. స్టేజీ మీద అది బాగుంటుంది, చాపల మీద కూర్చున్నవాళ్ళకి నాలుగుపక్కల నుంచీ కనబడిపోతుందని చెప్పాను.

నా కన్ను పడ్డది కప్పుల మీద. మూడు కప్పులూ బంతులూ. షాపులో మెరిసే రాగి కప్పులున్నాయి, ఒకదాంట్లో ఒకటి దూరేవి, బరువైనవి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. మాస్టారు డెబ్భై దాటిన మనిషి, పెళ్ళిళ్ళలోనూ బళ్ళలోనూ చేసి కుటుంబాన్ని పోషించుకున్నారు. ఆ కప్పుల ఫొటో చూపిస్తే కాసేపు చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇవి బల్ల మీద ఆడేవి బాబూ. నువ్వు నేల మీద కదా చేసేది. మన గారడీవాళ్ళ గిన్నెకి నెత్తిన బుడిపె ఉంటుంది, చూశావా?"

చిన్నప్పుడు సంతలో చూసిందే గాని, ఎందుకుంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఆయన లోపలికెళ్ళి గుడ్డమూట విప్పి తన పాత కొయ్య గిన్నె తెచ్చారు. టీ కప్పుకంటే చిన్నది, లోతు తక్కువ, నెత్తిన గుండ్రటి బుడిపె. ఆ బుడిపెని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి ఎత్తారు. అలా పట్టుకున్నప్పుడు బొటనవేలూ, మిగతా వేళ్ళూ ఏ పనీ లేకుండా ఖాళీగా ఉంటాయి. చాప మీద నా ఎదురుగా కూర్చుని, మాటల్లో పెట్టి, గుడ్డ బంతి ఆ గిన్నె కిందనుంచి ఈ గిన్నె కిందికి పంపించారు. అడుగు దూరంలో కూర్చున్నా నాకు పట్టుబడలేదు. చుట్టూ వలయంగా జనం నిలబడితే, కోటు లేకుండా, బల్ల లేకుండా, ఎండలో చేయడానికి తయారైన సామాను అది. నేను పుస్తకంలో రాసుకున్న ప్రశ్నలన్నిటికీ ఆ గిన్నె జవాబు చెప్తోంది. షాపులో మాత్రం దొరకదు.

జూన్, బడులు తెరవకముందు

మాస్టారి గిన్నెకి అన్ని కొలతలూ తీసి కాగితం మీద నిలువు కోతలా బొమ్మ గీశాను: మూతి వెడల్పు, లోతు, గోడ మందం, బుడిపె వ్యాసం, బుడిపె కింద మెడ ఎంత సన్నం. ఆ మెడ కొలతే ముఖ్యం, నా వేళ్ళు మాస్టారి వేళ్ళకంటే లావు కాబట్టి దాన్ని కొంచెం పెంచాను.

ఇది ఏటికొప్పాక లక్క బొమ్మల వాళ్ళు చేయగల పని. వరాహ నది ఒడ్డున తరతరాలుగా అంకుడు కర్రని లేతు మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క రంగులు అద్దుతారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు తేలిక, మెత్తన, పల్చగా తొలిచినా పగలదు. నేల మీద పెడితే ఖంగుమనకుండా మెత్తగా కూర్చుంటుంది, గిన్నె ఎప్పుడు ఆనిందో చెవికి తెలియకూడని ఐటమ్‌కి అదే కావాలి.

అక్కడి ఒక కుటుంబంతో మాట్లాడాను. గిన్నెలు దేనికో చెప్పగానే ఆ పెద్దాయన ఫోన్లోనే అడిగిన మొదటి ప్రశ్న: "లోపల నలుపు వేయమంటారా, కర్ర రంగే ఉంచమంటారా?" ఈ ఆలోచన నాకు రాలేదు. లోపల ముదురు రంగైతే గుడ్డ బంతి నీడలో కలిసిపోతుంది, బయట లేత పసుపైతే చాప మీద దూరానికీ కనబడుతుంది. లోపల నలుపు, బయట పసుపు అని చెప్పాను. మూడు గిన్నెలు, ఒకటి అదనంగా మొత్తం నాలుగు. బయానా 600 పంపాను. మిగిలిన 1,480లో గిన్నెలకి ఇవ్వాల్సిన బాకీ పోగా, తాళ్ళకీ, బంతుల గుడ్డకీ సరిపోతుంది.

బంతులు పాత ఎర్ర లుంగీ గుడ్డతో కుడుతున్నాను. లోపల దూది పెడితే మరీ ఉబ్బుతోంది, గుడ్డ పీలికలే చుట్టి కుడితే వేళ్ళ మధ్య అణుగుతోంది. మేనల్లుడు బడికి వెళ్ళేలోపు వాడికి కూడా ఒక జత కుట్టివ్వాలి, మాస్టారి దగ్గర ఆదివారాలు వాడూ కూర్చుంటానంటున్నాడు.